తెల్ల ఎలుకలు, నాంచారమ్మ చెయ్యి

నేను రిటైరైన నాలుగో నెలలో, నా స్థానంలో చేరిన కరుణ అనే అమ్మాయి ఫోన్ చేసింది. "మాస్టారూ, కొత్త ఎలుకలు చెయ్యి దగ్గరికి రానివ్వడం లేదండీ. రెండుసార్లు కరిచాయి. మీ పద్ధతి కొంచెం వివరంగా చెప్పండి, రాసుకుంటాను," అంది. మీ పద్ధతి అనే మాట వినగానే అన్నం తింటున్నానని అబద్ధం చెప్పి ఫోన్ పెట్టేశాను.

అది నా పద్ధతి కాదు. కాలేజీలో ఏళ్ళ తరబడి అందరూ దాన్ని దానియేలు పద్ధతి అన్నారు. నేను ఒక్కసారి కూడా కాదనలేదు. రిటైరైన రోజున శాలువా కప్పి, మైకులో అదే మాట అంటే తల వంచుకుని నవ్వాను. చూసినవాళ్ళు వినయం అనుకుని ఉంటారు.

కరుణకు ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఆ పనిలో చేరబోయే ఇంకెవరికైనా పనికొస్తే సంతోషం. నాకు ఎప్పుడు ఇంక్రిమెంటు వచ్చింది, ఏ రిజిస్టరు ఎలా రాయాలి అన్నవి ఇందులో ఉండవు. ఎలుకను మచ్చిక చేసుకోవడం ఎలాగో ఉంటుంది. అది నాకు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో, ఆ మనిషికి నేనేం చేశానో కూడా ఉంటుంది. మొదటిది మాత్రమే రాసి రెండోది దాచుకుందామని రెండుసార్లు కాగితాలు చింపాను.

ఎలుకల్ని సాకే ఉద్యోగం

బందరు ఊరి చివర ఒక ఫార్మసీ కాలేజీ. పేరు అనవసరం. తొంభైల మొదట్లో అక్కడ యానిమల్ హౌస్‌లో అటెండరుగా చేరాను. యానిమల్ హౌస్ అంటే పెద్ద భవనం అనుకోకండి. రెండు గదులు, ఒక వరండా, వరండా చివర ఒక నీళ్ళ డ్రమ్ము. గదుల్లో ఇనుప స్టాండ్ల మీద వరసగా పంజరాలు, వాటిలో ఎర్ర కళ్ళ తెల్ల ఎలుకలు. విద్యార్థులు మందుల ప్రాక్టికల్స్ వాటి మీద చేసేవారు. మేత వెయ్యడం, నీళ్ళ సీసాలు నింపడం, అడుగున ఊక మార్చడం, అవసరమైనప్పుడు ఎలుకను పట్టి విద్యార్థి చేతికి ఇవ్వడం నా పని. కాపురం గుడివాడలో. పొద్దున్నే బస్సెక్కి బందరు, సాయంత్రం మళ్ళీ గుడివాడ.

మాది ముదినేపల్లి దగ్గర పల్లెటూరు. మా నాన్న నాలుగెకరాలు కౌలుకు చేసేవాడు, ఆదివారం పూట చర్చిలో గంట కొట్టేవాడు. వరి పొట్టకొచ్చాక చేలో ఎలుకలు పడితే బుట్టలు పెట్టి వాటిని పట్టేవాళ్ళ కోసం ఊరూరా తిరిగేవాడు. నా ఉద్యోగం సంగతి చెప్పినప్పుడు, "ఇక్కడ వాటిని పట్టి చంపడానికి మనుషులు దొరక్క నేను చస్తుంటే, నువ్వు వాటిని సాకడానికి వెళ్తావుట్రా?" అన్నాడు. పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడల్లా, "నీ బిడ్డలు బాగున్నాయా?" అని ఎలుకల క్షేమం అడిగేవాడు.

మా డిపార్ట్‌మెంట్ హెడ్డు శేషగిరిరావు గారు. మంచి పంతులు. చేరిన మొదటి రోజునే నన్ను పంజరాల ముందు నిలబెట్టి ఒక మాట చెప్పారు. "దానియేలూ, బెదిరిన ఎలుక అబద్ధం చెబుతుంది. దాని గుండె దడదడ కొట్టుకుంటుంటే, అది నేనిచ్చిన మందు వల్లో నువ్వు పట్టుకున్న తీరు వల్లో నాకెలా తెలుస్తుంది? నీ చెయ్యి బాగుంటేనే నా లెక్క బాగుంటుంది." అటెండరు చేతికి అంత విలువ ఇచ్చిన హెడ్డును నేను మళ్ళీ చూడలేదు. ఆయనలో ఒకటే లోపం. ఒక నిర్ణయానికి వచ్చాక ఇక వెనక్కి తిరిగి చూసేవారు కాదు. ఆ లోపం నాకు బాగా తెలుసు. తర్వాత అదే నాకు కలిసొచ్చింది.

తోలు గ్లవుజుల రోజులు

మొదటి ఐదారేళ్ళు నేను ఎలుకల్ని పట్టింది తోలు గ్లవుజులతో. గ్లవుజు తొడుక్కుని, పంజరం మూత ఎత్తి, పైనుంచి చెయ్యి దించి, మెడ దగ్గర పట్టి లేపేవాణ్ణి. దొరక్కపోతే తోక. చకచకా పని అయిపోయేది. ఒక ప్రాక్టికల్ క్లాసుకు పన్నెండు ఎలుకల్ని అయిదు నిమిషాల్లో అందించేవాణ్ణి. విద్యార్థులు నోరు తెరిచి చూస్తుంటే నాకు ఛాతీ ఉబ్బేది.

పైనుంచి దిగే చెయ్యి ఎలుకకు గద్దలా కనిపిస్తుందని నాకు అప్పుడు తెలియదు. నా అడుగుల చప్పుడు వినగానే పంజరాల్లో ఎలుకలన్నీ ఒక మూలకు పోయి ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. అది నా మీద భయభక్తులు అనుకున్నాను.

ఒకసారి తొందరలో ఒకదాన్ని తోక చివర పట్టి లాగాను. తోలు నా చేతిలోకి ఊడి వచ్చింది, ఎలుక కింద పడింది. ఎర్రగా, సన్నగా మిగిలిన ఆ తోకను ఇప్పటికీ మరిచిపోలేదు. శేషగిరిరావు గారు తిట్టలేదు. ఆ ఎలుకను ప్రయోగం నుంచి తప్పించి, దానికి మందు రాయమన్నారు, అంతే. తోక మొదట్లో పట్టాలి గాని చివర కాదని ఆ రోజు నేర్చుకున్నాను. అసలు తోకే పట్టక్కర్లేదని నేర్చుకోవడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది.

నాంచారమ్మ వచ్చింది

తొంభైల చివర్లో మా యానిమల్ హౌస్‌కు ఊడ్చే మనిషిగా నాంచారమ్మను వేశారు. బందరు పక్కన గిలకలదిండి చేపల రేవు మనిషి. భర్త బోటు మీద పనికి వెళ్ళేవాడు. ఆమె హార్బరులో వేలం పాట పాడిన చేపల్లోంచి బుట్టకెత్తుకుని బందరు వీధుల్లో అమ్మేది. మెడ నరాలు పట్టేసి బుట్ట మొయ్యలేక, ఎవరినో అడిగి ఈ పనిలో చేరింది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదే. అయినా నేను నువ్వు అనేవాణ్ణి, ఆమె నన్ను మాస్టారూ, అండీ అనేది.

నా బుర్రలో ఉన్న కుళ్ళు కూడా ఇక్కడే చెప్పాలి. చేపల బుట్టల ఆడవాళ్ళు బస్సెక్కితే కండక్టరు వెనక్కి పంపేవాడు. ముందు సీట్లలో కూర్చుని ముక్కు మూసుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆమె చేరిన రోజున, "ఎలుకలకు వాసనలు పడవు, పంజరాల జోలికి రావొద్దు," అని చెప్పాను. "అట్టాగేనండీ," అంది.

రెండు నెలలు ఆమె పంజరాల జోలికి రాలేదు. ఊడ్చేది, కడిగేది, మధ్యాహ్నం నేను అన్నం తినే వేళకు గదిలో పీట వేసుకుని కూర్చునేది. గది చల్లగా ఉంటుంది కాబట్టి కూర్చుంటోంది అనుకున్నాను. ఒకరోజు అన్నం డబ్బా మూత మరిచిపోయి వెనక్కి వచ్చాను. కింది వరసలో ఒక పంజరం మూత తీసి ఉంది. నాంచారమ్మ అరచెయ్యి పైకి తెరిచి, పంజరం అడుగున ఊక మీద ఊరికే ఆనించి ఉంచింది. చేతిలో ఏమీ లేదు. ఆమె ఎలుకల వైపు చూడటం కూడా లేదు, గోడ వైపు చూస్తోంది. ఒక ఎలుక ఆ చేతిలోకి ఎక్కి, ముందుకాళ్ళతో మూతి తుడుచుకుంటోంది.

అది ఏ ఎలుకో నేను చెవి గాటును బట్టి గుర్తుపట్టాను. నన్ను మూడుసార్లు కరిచిన ఎలుక అది.

"ఇది ఎంత జారిపోతుందో చూడండి మాస్టారూ, అచ్చం బొమ్మిడాయే," అంది నాంచారమ్మ. ఆ రోజు నుంచి దాని పేరు బొమ్మిడాయి. మిగతావాటికీ పేర్లు పెట్టింది, అన్నీ చేపల పేర్లే. బాగా లావుగా ఉన్నది పండుగప్ప.

నాకు కడుపు మండింది

దీన్ని పాలిష్ చేసి చెప్పను. నాకు కడుపు మండింది.

నేను ట్రైనింగ్ అయినవాణ్ణి. ఆమె ఊడ్చే మనిషి. అయినా ఆమె గదిలోకి వస్తే ఎలుకలు పంజరాల ముందు వైపుకు వచ్చి, ఊచల మీద చేతులు పెట్టి నిలబడేవి. నేను వస్తే మూలకు పోయేవి. ఇద్దరం ఒకేసారి వస్తే ఏం చేస్తాయో చూద్దామని ఒకరోజు కావాలనే ఆమె వెనకే వెళ్ళాను. సగం ముందుకు వచ్చి, నన్ను చూసి ఆగిపోయాయి. ఆ ఆగిపోవడం నాకు చెంపదెబ్బలా తగిలింది.

విద్యార్థులు కూడా ఆమె దగ్గరికే వెళ్ళడం మొదలుపెట్టారు. "నాంచారమ్మగారూ, ఎలుకను మీరే తీసివ్వండి, మాస్టారు తీస్తే గింజుకుంటోంది," అనేవారు. నాకు వినపడదనుకునేవారు. అటెండరు చెవులు ఎప్పుడూ పంజరాల దగ్గరే ఉంటాయి. ప్రతీ మాటా వినపడేది.

చివరికి శేషగిరిరావు గారు కూడా. ఒక ప్రాక్టికల్‌లో బొమ్మిడాయిని నాంచారమ్మ చేత్తో అందిస్తే అది విద్యార్థిని అరచేతిలో కదలకుండా కూర్చుంది, పళ్ళు నూరుతూ. ఎలుక తృప్తిగా ఉన్నప్పుడు మెల్లగా పళ్ళు నూరుతుంది, కరవడానికి కాదు. సార్ ఆ చప్పుడు విని, నా వైపు తిరిగి, "దానియేలూ, ఈమెను చూసి నేర్చుకోవయ్యా," అన్నారు. అందరి ముందూ. ఆయన మనసులో ఏ చెడూ లేదు. కాని ఆ రాత్రి నేను అన్నం సరిగా తినలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే ఎండ దెబ్బ అన్నాను.

నేర్చుకోవయ్యా అని సార్ అన్నారు కదా, నేర్చుకుందామనే అనుకున్నాను. కాని అడిగి నేర్చుకోవడానికి నామోషీ. ఏం చేస్తోందో నేనే కనిపెట్టి, ఆమె కంటే బాగా చేసి చూపిద్దామని పట్టుదల. దొంగచాటుగా గమనించడం మొదలుపెట్టాను. పంజరాల్లో ఊక కింద చీర ముక్కలు కనిపించాయి, ఆమె కట్టి విడిచిన పాత చీరవి. గూడుకు గుడ్డలు వేసిందనుకుని వాటిని తీసి పారేశాను. మర్నాడు మళ్ళీ ఉన్నాయి. ఇక మిగిలింది ఒకటే అనిపించింది. గిలకలదిండి మనిషి, పుట్టినప్పటి నుంచి చేపల్లో పెరిగింది, ఆ చేతుల్లో నీచు వాసన ఇంకిపోయి ఉంటుంది, ఎలుకలు ఆ వాసనకే వస్తున్నాయి.

అంతే, గుట్టు దొరికిందనుకున్నాను.

ఎండురొయ్యల పొడి

మా ఇంట్లో ఎండురొయ్యలు వేయించి, వెల్లుల్లి వేసి దంచిన పొడి ఎప్పుడూ ఉంటుంది. మా ఆవిడ అందులో కారం కలపకముందే పిడికెడు కాగితంలో పొట్లం కట్టుకున్నాను. మర్నాడు మామూలు కంటే ముందు బస్సెక్కి, నాంచారమ్మ రాకముందే గదిలోకి వెళ్ళాను. గ్లవుజులు పక్కన పెట్టాను. పొడి రెండు చేతులకూ, వేళ్ళ సందుల్లో కూడా బాగా రుద్దుకున్నాను. బొమ్మిడాయి పంజరం మూత తీసి, నాంచారమ్మ పెట్టినట్టే అరచెయ్యి తెరిచి పెట్టాను.

బొమ్మిడాయి వచ్చింది. మూల వదిలి, ముక్కు ఆడిస్తూ, నేరుగా నా చేతి దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక ఎలుక తనంతట తాను నా దగ్గరికి వచ్చింది. నిజం చెబుతున్నాను, నాకు కళ్ళు చెమర్చాయి. అది నా చూపుడు వేలు వాసన చూసి, ముందుకాళ్ళతో పట్టుకుని, ఎముక తగిలేదాకా కొరికింది.

దాని తప్పేం లేదు. దానికి కనిపించింది వేలు కాదు, రొయ్య. తిండి వాసన వచ్చేదాన్ని ఎలుక కొరుకుతుంది. అదే ఎలుక వాసన లేని చేతిని నాకుతుంది. ఇంత చిన్న సంగతి ఐదారేళ్ళ అనుభవం ఉన్న నాకు తట్టలేదు, కడుపుమంట వల్ల. చెయ్యి వెనక్కి లాక్కునే గాభరాలో పొట్లం చేజారి పొడంతా పంజరంలో, పక్క పంజరంలో, స్టాండు మీద చిందింది. ఊకలో కలిసిపోయింది, ఏరడానికి వీల్లేదు. వేలికి గుడ్డ చుట్టుకుని, ఊక మారుద్దామని బస్తా విప్పేలోపు శేషగిరిరావు గారు లోపలికి వచ్చారు.

అప్పుడు ఆ రెండు వరసల ఎలుకల మీద ఆయన ఒక ప్రయోగం నడుపుతున్నారు. నెలన్నర నుంచి వాటికి లెక్క ప్రకారం మేత గుళికలు, నీళ్ళు తప్ప వేరే ఏదీ పెట్టకూడదు. ఎలుకలు ఊకలో తలలు దూర్చి ఆ పొడి ఏరుకు తింటున్నాయి.

"ఏంటీ వాసన?" అన్నారు సార్.

నేను ఊక బస్తా విప్పుతూనే ఉన్నాను.

"ఎండుచేపల వాసన కదూ ఇది? ఎవరు పెట్టారు వీటికి?"

సరిగ్గా అప్పుడే నాంచారమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. సార్ ఆమె వైపు చూశారు. నాకు ఒక్క క్షణం వ్యవధి దొరికింది. నేనే చేశానని చెప్పడానికి ఆ క్షణం సరిపోయేది. నేను అన్నది వేరు.

"ఆవిడ గిలకలదిండి నుంచి వస్తుంది కదండీ," అన్నాను.

చూశారా, అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆమె పెట్టిందని నేను అనలేదు. ఆ తెలివికి ఆ రోజు నాకు నేనే మెచ్చుకున్నాను కూడా.

నాంచారమ్మ సార్ వైపు చూసింది. తర్వాత నా వేలికి చుట్టిన గుడ్డ వైపు చూసింది. ముక్కుతో ఒకసారి గాలి పీల్చింది. "నాంచారమ్మా, నువ్వేనా?" అని సార్ అడిగితే, "పంజరాలు నేను కడగనా అండీ?" అని మాత్రం అంది. ఒప్పుకున్నట్టే అనుకున్నారు సార్. నెలన్నర కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది కదా, ఆయన కోపం ఆయనది. ఆ రోజే ఆమెను హాస్టలు బాత్‌రూములు కడిగే పనికి మార్చారు. మూడు వారాలు చేసి మానేసింది. మళ్ళీ బుట్ట ఎత్తుకుందని ఎవరో చెప్పారు.

నాకు సంతోషం వేసిందా అని అడిగితే, వేసింది. ఆ సంతోషం పది రోజులుంది.

నీళ్ళ డ్రమ్ము వెనక

ఎలుకలు మూలకు పోవడం మానలేదు. ఇప్పుడు మరీ ఎక్కువైంది. బొమ్మిడాయి ఊచల ముందుకు వచ్చి, గుమ్మం వైపు ముక్కు ఆడించి, నేను కనపడగానే వెనక్కి పోయేది. ఎవరి కోసం వచ్చిందో నాకు తెలుసు. మనిషి వెళ్ళిపోయాక కూడా నాకు ఆమె మీద ఈర్ష్య పోలేదు. ప్రాక్టికల్ పరీక్షల్లో ముగ్గురు పిల్లల్ని ఎలుకలు కరిచాయి. సార్ అడిగితే ఎండలు అన్నాను. మా ఇంట్లో అన్నిటికీ ఎండ దెబ్బే కారణం అయినట్టు, కాలేజీలో కూడా.

ఒకరోజు నీళ్ళ డ్రమ్ము కారుతుంటే పక్కకు జరిపాను. వెనక గోడవారగా ఒక కొబ్బరి చిప్పలో జల్లించిన బూడిద, ఒక రేకు డబ్బాలో చింతపండు ముద్ద, అరిగిపోయిన కొబ్బరి పీచు. మొదట అంట్లు తోముకునేవి అనుకున్నాను. కాని అక్కడ అంట్లు ఎక్కడివి? అప్పుడు గుర్తొచ్చింది. గదిలోకి వచ్చే ముందు నాంచారమ్మ డ్రమ్ము దగ్గర చాలాసేపు ఉండేది. ఇంత నీళ్ళు వృథా చేస్తుందేంటని నేను విసుక్కునేవాణ్ణి.

ఆమె చేతులు కడుక్కునేది. మోచేతుల దాకా. బస్సులో మనుషులు ముక్కులు మూసుకోవడం ఏళ్ళ తరబడి చూసిన ఆడమనిషి, నీచు వాసన వదిలేదాకా చింతపండు పెట్టి, బూడిద పెట్టి, పీచు పెట్టి రుద్దుకోవడం అలవాటు చేసుకుంది. బుట్ట మానేసినా ఆ అలవాటు మానలేదు. మా కాలేజీ మొత్తంలో ఏ వాసనా లేని చేతులు ఎవరివైనా ఉన్నాయంటే అవి నాంచారమ్మవి. నా చేతులకు పొద్దున తిన్న ఆవకాయ, జేబులో బీడీ కట్ట, తలనూనె, అన్నీ ఉండేవి. వాసన ఆమెది కాదు, నాది.

డ్రమ్ము పక్కనే కాసేపు కూర్చుండిపోయాను. తర్వాత ఆ చింతపండుతోనే చేతులు కడుక్కున్నాను.

కరుణా, ఇక్కడ నుంచి రాసుకో

చేతులు కడుక్కో. సబ్బుతో ఆపెయ్యకు, సబ్బుకీ వాసన ఉంటుంది, చింతపండు పెట్టి రుద్దు. కడిగాక నీ చెయ్యి నువ్వే వాసన చూసుకో. నీకు ఏదైనా తెలిస్తే ఎలుకకు పదింతలు తెలుస్తుంది.

గ్లవుజులు తీసెయ్. పైనుంచి చెయ్యి దించకు. పక్క నుంచి, అడుగున, అరచెయ్యి తెరిచి ఆనించి ఊరుకో. వేళ్ళు ఆడించకు, పిలవకు, దాని కళ్ళలోకి చూడకు. మొదటి మూడు నాలుగు రోజులు అది రాకపోతే రాకపోనీ. నాకు పదకొండు రోజులు పట్టింది, ఎందుకంటే అవి నా పాత చేతిని ఎరిగి ఉన్నాయి.

నువ్వు కట్టి విడిచిన గుడ్డ ముక్క, ఉతక్కుండా, గూడులో వెయ్యి. నీ వాసనలో అవి నిద్రపోవాలి. నేను పారేసిన చీర ముక్కలు ఇందుకని ఆలస్యంగా అర్థమైంది. నేను నా బనీను చింపి వేశాను.

చేతి మీదకు ఎక్కాక వెంటనే లేపకు. దిగాలంటే దిగనివ్వు. ఎప్పుడైనా దిగొచ్చని తెలిసిన ఎలుక దిగదు. లేపేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద. రోజూ కాసేపు, అదే వేళకు, అదే నెమ్మది గొంతుతో. ఊచల సందుల్లోంచి తిండి అందించకు, అట్లా అలవాటైన ఎలుక సందులోంచి వచ్చే ప్రతి వేలినీ తిండే అనుకుంటుంది. పిల్లలు కళ్ళు తెరిచిన వారం నుంచే మొదలుపెడితే పని సగం తేలిక. చేతిలో ఉచ్చ పోస్తే తిట్టకు, నీ చెయ్యి తనదే అని గుర్తు పెడుతోందనుకో.

ఒక్కటి చివరగా. నీ పక్కవాళ్ళ దగ్గరికి ఎలుక వెళ్తే, ఎందుకు వెళ్తోందో వాళ్ళనే అడుగు. నేను అడగలేదు.

ఇదంతా నేను చేశాను, ఫలించింది. బొమ్మిడాయి ముసలిదయ్యాక నా ఒళ్ళో పడుకునేది. వేరే కాలేజీలవాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవారు. శేషగిరిరావు గారు ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళేటప్పుడు, "నువ్వు మారిపోయావయ్యా," అన్నారు. అప్పుడు కూడా చెప్పి ఉండొచ్చు. చెబితే ఆ మెప్పు నాంచారమ్మకు పోతుంది. అది నాకు ఇష్టం లేకపోయింది. ఇంతకంటే సూటిగా రాయడం నాకు చేతకాదు.

గిలకలదిండిలో

రిటైరయ్యేటప్పుడు, ప్రయోగాలకు పెట్టని ఒక ఎలుక పిల్లను అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. నాలుగు నెలలు, రోజూ, వేరే పని లేకుండా దాన్ని మచ్చిక చేశాను. నా భుజం మీద కూర్చుని నేను పేపరు చదువుతుంటే అంచులు కొరికేది. కరుణ ఫోన్ చేసిన మూడో రోజున దాన్ని గాలి ఆడే డబ్బాలో పెట్టుకుని బందరు బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటోలో గిలకలదిండి.

నాంచారమ్మ ఇంటి ముందు నీడలో కూర్చుని, ఆరబెట్టిన రొయ్యల్లో చెత్త ఏరుతోంది. జుట్టు బాగా నెరిసింది. నన్ను గుర్తుపట్టి లేచింది.

"బాగున్నారా నాంచారమ్మ గారూ," అన్నాను.

"ఇదేంటండీ, కొత్తగా గారు?" అంది నవ్వుతూ. డబ్బా వైపు చూసింది. "అందులో ఏంటండీ, మన తెల్లోళ్ళేనా? ఉండండి." లోపలికి వెళ్ళింది. చాలాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది. మోచేతుల దాకా తడితో, పమిటకు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

నేను డబ్బా మూత తీశాను. నిజానికి నేను క్షమాపణ చెప్పడానికి వెళ్ళాను. కాని నా మనసులో ఇంకొకటి ఉంది, దాచి లాభం లేదు. ఈ ఎలుకకు ఆమె ముక్కూ మొహం తెలియదు. ఇది నా చేతిలో పెరిగింది. ఇది నన్ను వదిలి ఆమె దగ్గరికి వెళ్ళదు, అది ఆమె చూడాలి.

ఆమె అరచెయ్యి తెరిచి నేల మీద ఆనించి, సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. ఎలుక నా మోకాలి మీద నుంచి దిగింది. కాసేపు గాలి వాసన చూసింది. ఆ చేతిలోకి ఎక్కి, మూతి తుడుచుకుని, పమిట మడతల్లోకి దూరి ముడుచుకుంది. పది నిమిషాలు కూడా పట్టలేదు.

"ఎవరండీ దీన్ని మచ్చిక చేసింది?" అంది.

"నేనే."

"బాగా చేశారు. బెదురే లేదు దీనికి. ఒక్కదాన్నే ఉంచారేంటండీ, తోడు లేకుండా?"

"నేనున్నాను కదా," అన్నాను. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అరవై ఏళ్ళు దాటినవాణ్ణి, ఒక ఎలుక పిల్ల కోసం నా గుండె మండిపోతోంది.

చెప్పాల్సింది అప్పుడైనా చెప్పాలని నోరు తెరిచాను. "ఆ రోజు సార్ దగ్గర, ఆ పొడి సంగతి..."

"తెలుసులెండి," అంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలండీ? అందులో వెల్లుల్లి వాసన వచ్చింది. ఎండురొయ్యలు అమ్ముకునేవాళ్ళం, వెల్లుల్లి వేసి దంచి ఎలుకలకు పెట్టేంత తీరిక మాకెక్కడిది? మీ వేలికేమో కట్టు. మీ చొక్కా అంతా అదే వాసన. సార్‌కి తెలియలేదు గానీ, మా ముక్కులకు తెలీదంటారా?"

"మరి చెప్పలేదేం?"

ఆమె పమిటలో ఎలుకను చేత్తో కప్పుకుంది. "చెబితే మీ ఉద్యోగం పోయిద్దండీ. ఆ సార్ సంగతి మీకే తెలుసు కదా. మీకు అప్పట్లో ఇద్దరు చిన్నపిల్లలు. నాకైతే బుట్ట ఉంది," అంది. ఇంకేమీ అనలేదు. రొయ్యల జల్లెడ పక్కకు జరిపి, టీ తాగి వెళ్ళమంది.

టీ తాగాను. తప్పయిపోయిందని అన్నాను, మాట సరిగా బయటికి వచ్చిందో లేదో తెలియదు. ఆ ఎలుకను అక్కడే ఆమెకు ఇచ్చేసి వచ్చానని రాయాలని ఉంది, అది రాస్తే ఈ వ్యాసం బాగుండేది. కాని అలా చెయ్యలేదు. పమిటలోంచి దాన్ని తీసి ఇమ్మని నేనే అడిగాను. ఆమె లోపలికి వెళ్ళి, కట్టి విడిచిన చీర అంచు చింపి తెచ్చి డబ్బాలో వేసింది. "బస్సులో బెదిరిద్ది, ఇది ఉంచండి," అంది.

ఇంటికి రాగానే ఆ చీర ముక్క తీసేసి, నా బనీను ముక్క వేశాను. ఎలుక రెండు రోజులు మూలకు పోయి కూర్చుంది, నా చేతికి రాలేదు. మూడో రోజు పొద్దున చెత్తబుట్టలోంచి చీర ముక్క వెతికి తీసి, దులిపి, మళ్ళీ దాని గూడులో వేశాను.